మిగిలిన గంపల లెక్క



దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనవారి సామెత. పూజారి స్థానంలో నిలబడే నాబోటి వానికి ఈ మాట వినడం అంత సుఖంగా ఉండదు. అయినా దానిని పుట్టించినవాడు ఊరికే పుట్టించి ఉండడు. ఎక్కడో వరుసలో చాలాసేపు నిలబడి, వట్టి చేతులతో ఇంటికి పోయి ఉంటాడు. ఇచ్చేవాని చేతికీ పుచ్చుకొనేవాని చేతికీ నడుమ ఎప్పుడూ మరొక చెయ్యి ఉంటుంది. ఈ వారం ఆ నడిమి చేతిని గురించి మాట్లాడుకుందాం.

వీరపునాయునిపల్లె మండలంలో, పాపాఘ్నికి దగ్గరగా ఉన్న ఒక పల్లెకు నేను పూజకు వెళ్ళేవాణ్ణి. 2022లో సంక్రాంతి దాటిన తర్వాత ఒక ఆదివారం, పూజ ముగిసి అందరూ పోతూ ఉంటే ఒక అవ్వ గుడి వసారాలో ఆగిపోయింది. ఆమె నన్ను అడిగిన మాట పాపసంకీర్తనంలో చెప్పినది కాదు. పదిమంది వినేటట్లు అడిగింది. రాసుకోమని కూడా చెప్పింది.

సంగతి ఇది. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయింది. అప్పటి మన కడప జిల్లాలోనే, రాజంపేట వైపు, పులపత్తూరు, మందపల్లె వంటి ఊళ్ళ మీదికి నీళ్ళు వచ్చిపడ్డాయి. మనుషులు పోయారు, పశువులు పోయాయి, ఇళ్ళు పునాదులతో సహా కొట్టుకుపోయాయి. ఆ నెల వానలకే మా వైపు నల్లరేగడిలో వేసిన శనగ కూడా కుళ్ళిపోయింది. కలుపు కూలి మీద బ్రతికే ఆ అవ్వకు ఆ ఏడు కూలి లేదు. అయినా మా యువకులు ట్రాక్టరు కట్టుకొని ఇంటింటికీ వచ్చినప్పుడు ఆమె పెట్టె తెరిచింది. కొడుకు ప్రొద్దుటూరు అంగట్లో కొనిచ్చిన కంబళి, ఒక్కరోజు కూడా కప్పుకోనిది, తీసి ఇచ్చింది. కోడలి కంబళీ అటువంటిదే కాబట్టి గుర్తుకోసం ఒక మూలన ఎర్రదారం కుట్టుకొని ఉండింది.

సంక్రాంతికి ఆ వీధిలోనే ఒక ఇంటి మంచం మీద ఆ కంబళి మడత పెట్టి కనిపించింది. మూలన ఎర్రదారంతో సహా.

"సామీ, నేను ఆ కంబళి ఎవురికి ఇచ్చినట్టు? వరదలో మునిగినోళ్ళకా, ఈ పిల్లోనికా? దేవుడు ఎవురి పేరున రాసుకొని ఉంటాడు?"

నేను జ్ఞానోపదేశంలో నేర్చుకున్న జవాబు చెప్పాను. నువ్వు దేవునికే ఇచ్చావు, నీ పుణ్యం ఎక్కడికీ పోదు, దిగులు పడవద్దు అన్నాను. అవ్వ తల అడ్డంగా ఊపింది.

"నా పుణ్యం సంగతి కాదు సామీ నేను అడిగేది. ఆడ సలికి వణికినోళ్ళ సంగతి."

నలభై ఏండ్లుగా ప్రసంగాలు చెబుతున్న నాకు ఆ మాట చెంప మీద కొట్టినట్లయింది. దానం గురించి మేము చెప్పే మాటల్లో నూటికి తొంభై ఇచ్చేవాని ఆత్మను గురించే. కుడిచెయ్యి ఇచ్చినది ఎడమచేతికి తెలియనీయరాదు, విధవరాలి కాసు గొప్పది, ఇలాగు. అవన్నీ సత్యాలే. కాని ఇచ్చినది చేరిందా లేదా అన్న ప్రశ్న మా ప్రసంగాల్లో ఎన్నిసార్లు వినబడింది? ఆ అవ్వ కంబళి ఇచ్చి తన పుణ్యం కొనుక్కోలేదు. ఒక మనిషికి చలి ఆపాలనుకుంది. ఆ మనిషికి చలి ఆగలేదు. ఆమె బాధ అది.

ఆ సాయంత్రం ఆ పిల్లవాని ఇంటికి వెళ్ళాను. వాడు చెడ్డవాడు కాదు. గుడిలో పాట ఎత్తేవాడు. వరద ఊళ్ళలో మూడు రోజులు బురద తోడినవాడు. నన్ను చూడగానే ఎందుకు వచ్చానో తెలుసుకున్నాడు. అక్కడికి పోయేసరికి దారి పక్కన అప్పటికే బట్టలు గుట్టలుగా పడి ఉన్నాయట. ఇంక బట్టలు వద్దు, గిన్నెలు ఉంటే ఇవ్వండి అన్నారట. చాలావరకు ఒక ఊళ్ళో దింపి, మిగిలిన మూట తెచ్చేశారు. రాత్రి ట్రాక్టరు మీద చలికి వాడు ఆ కంబళి కప్పుకున్నాడు. తెల్లవారేసరికి ఇంట్లో ఉన్నాడు. కంబళి కూడా ఇంట్లో ఉంది.

"మిగిలిందే గదా ఫాదర్" అన్నాడు.

ఈ "మిగిలిందే గదా" అన్న మాట దగ్గర కొంచెం నిలబడదాం. దానపు సొత్తులో జరిగే దొంగతనాల్లో చాలావాటికి తాళం పగలగొట్టే పని లేదు. ఈ ఒక్క మాట చాలు. పంపకం అయిపోయింది, మిగిలింది. ఎవరూ అడగలేదు, మిగిలింది. పాడైపోతుంది, మిగిలింది. ఇంకొక రకం కూడా ఉంది, అది పంపకం మొదలు కాకముందే మిగిలిపోతుంది. మూట విప్పేవారు మంచి చీర ఒకటి పక్కన పెడతారు, "మన పనిమనిషికి" అంటారు. పనిమనిషి పేదదే కాబట్టి మనస్సు కూడా ఒప్పుకుంటుంది.

ఒప్పుకోవలసినది నాకూ ఒకటి ఉంది. నేను గురువునైన కొత్తలో విదేశం నుండి బట్టల మూట ఒకటి వచ్చింది. దానిని విప్పినవాణ్ణి నేనే. అందులో నీలిరంగు ఉన్ని స్వెటరు ఒకటి చేతికి మెత్తగా తగిలింది. పక్కన పెట్టుకున్నాను. కడప ఎండలో ఉన్ని స్వెటరుతో ఏం పని అని మీరు నవ్వవచ్చు. నిజమే, నేను దానిని రెండుసార్లు కూడా తొడుక్కోలేదు. పెట్టెలో ఉండి చిమటలు కొట్టింది. అది ఎవరికి పోవలసిందో ఆ మనిషిని నేను ఎన్నడూ చూడలేదు. ఈ దొంగతనంలోని సుఖం అదే. సొంతదారుకు ముఖం ఉండదు. తనది పోయిందని వానికే తెలియదు, కాబట్టి వాడు ఏడవడు, పోలీసు స్టేషనుకు పోడు. పునీత బాసిలు నాలుగవ శతాబ్దంలోనే బోధించాడు, పెట్టెలో మూలుగుతున్న బట్ట బట్టలేనివానిదని. సొంత పెట్టెలోని సొంత బట్టకే ఆ మాట వర్తిస్తే, దానపు మూటలో నుండి పెట్టెలోకి వచ్చిన బట్టకు ఏమని చెప్పాలి!

ఇప్పుడు సువార్తకు వద్దాం. ఐదు రొట్టెలు, రెండు చేపల అద్భుతం నలుగురు సువార్తికులూ రాశారు. అందరూ తిని తృప్తి చెందిన తర్వాత ఏమి జరిగిందో చూడండి. ఏదీ వ్యర్థం కాకుండా ముక్కలు పోగుచేయమని ప్రభువు శిష్యులకు చెప్పినట్లు పునీత యోహాను ఆరవ అధ్యాయంలో ఉంది. పోగుచేస్తే పన్నెండు గంపలు. క్షణంలో వేలమందికి రొట్టె పుట్టించగలిగిన ప్రభువుకు ముక్కలతో పనేమిటి? నాకు తోచినది చెబుతాను. ఆ రొట్టె ఒక పిల్లవాడు ఇచ్చినది. అది జనం కోసం ఇవ్వబడింది. తిన్నది ఎంతైనా, మిగిలినది కూడా జనానిదే. అందుకే మిగిలినదానికి కూడా లెక్క ఉంది, ఆ లెక్క నలుగురూ రాసిపెట్టారు. అదే యోహాను పన్నెండవ అధ్యాయంలో డబ్బు సంచి మోసిన యూదాను గురించి చెబుతూ, వాడు అందులోనిది తీసుకొనేవాడని దాచకుండా రాశాడు. యూదా ఆనాడు మాట్లాడినది పేదల పేరు మీదనే. అత్తరు అమ్మితే మూడు వందల దీనారములు పేదలకు పంచవచ్చునన్నాడు. సంచి దగ్గర కూర్చున్నవారి నోటిలో పేదల పేరు మరీ ఎక్కువగా వినబడితే నాకు కొంచెం భయం వేస్తుంది. నా నోటిలో వినబడినా సరే.

ఆ పిల్లవాని మాటలో మరొక సగం సత్యం ఉంది, దానినీ విడిచిపెట్టరాదు. దారి పక్కన గుట్టలు ఎందుకు పడ్డాయి? మనం పంపిన బట్టలు అటువంటివి కాబట్టి. 2004 డిసెంబరు సునామీ తర్వాత తమిళనాడు తీరంలో పాత బట్టలు ఎవరూ ముట్టక రోడ్ల మీద కుప్పలుగా పడి ఉండటం దేశమంతా చూసింది. చేపలు పట్టి గౌరవంగా బ్రతికిన కుటుంబాలకు చిరిగిన ప్యాంట్లు, గుండీలు లేని చొక్కాలు పంపాము. ఢిల్లీలో 1999లో మొదలైన గూంజ్ అనే సంస్థ అటువంటి గుట్టలను తరువాత ఏరి, వేరుచేసి, పనికివచ్చే వస్తువులుగా మార్చింది. దానమిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టరాదని పుచ్చుకొనేవారికి మనం సామెత చెబుతాం. పళ్ళూడిన ఆవునే ఏరి ఇచ్చేవారికి సామెత ఏదీ లేకపోవడం వింతగా ఉంది. ఇచ్చేటప్పుడే చెత్త అనుకొని ఇస్తే, మోసేవాడు దానిని చెత్తగానే చూస్తాడు. ఆ చెత్తలో ఒక అవ్వ కొత్త కంబళి ఉందని వానికి ఎలా తెలుస్తుంది?

మరి మిగిలినది అమ్మితే తప్పా? అమెరికాలో, ఇంగ్లండులో, ఆస్ట్రేలియాలో ఉన్న మన పిల్లలకు ఈ సంగతి బాగా తెలుసు. అక్కడ ఇంట్లో అక్కర్లేని బట్టలు, సామాన్లు దానపు దుకాణాలకు ఇస్తారు. ఆక్స్‌ఫామ్ అనే సంస్థ 1940లలోనే ఆక్స్‌ఫర్డు నగరంలో అటువంటి దుకాణం తెరిచింది. ఫ్రెడరిక్ ఓజనాం 1833లో పారిసులో స్నేహితులతో ఆరంభించిన పునీత విన్సెంట్ ది పాల్ సభకు ఆస్ట్రేలియా అంతటా దుకాణాలున్నాయి. ఆ వస్తువు నేరుగా పేదవానికి పోదు. తక్కువ ధరకు అమ్ముతారు, ఆ డబ్బు పేదవానికి పోతుంది. అమ్ముడుపోనిది బరువు లెక్కన బేళ్ళు కట్టి వ్యాపారులకు ఇస్తారు. ఆ బేళ్ళలో కొన్ని గుజరాతులోని కాండ్లా రేవుకు వస్తాయి, ఉన్ని చింపులు హర్యానాలోని పానిపట్టుకు పోతాయి. అక్కడ ఆ ఉన్నిని మళ్ళీ నూలు తీసి కంబళ్ళు నేస్తారు. వరదలప్పుడు, భూకంపాలప్పుడు పంచే చవక కంబళ్ళు చాలావరకు పానిపట్టువే. లండనులో ఒకరు ఇచ్చిన కోటు ఇక్కడ ఒకరి మీద కంబళిగా పడుతుందన్నమాట. దేవుని దారులు మనకంటే పొడవైనవి!

ఇందులో తప్పు లేదు, ముందుగా చెప్పి చేస్తే. "మీరిచ్చినది అమ్మి, ఆ డబ్బు ఫలానా పనికి వాడతాం" అని దుకాణం గుమ్మం మీదనే రాసి ఉంటే ఎవరూ మోసపోలేదు. పేదవాని వంటిమీద చూస్తాననుకొని ఇచ్చినవాడు అదే చొక్కాను సంతలో అమ్మకానికి చూస్తే, ధర్మకార్యానికే అమ్మినా సరే, వాని మనస్సు విరుగుతుంది. అటువంటి దుకాణంలో సేవ చేసే మన తెలుగు అమ్మాయి ఒకతె సెలవులకు వచ్చినప్పుడు ఒక నియమం చెప్పింది. అక్కడ పనిచేసేవారు తమకు నచ్చిన వస్తువును మూటలో నుండి నేరుగా తీసుకోరాదు. అది ముందు అరలోకి ఎక్కాలి, ధర మరొకరు కట్టాలి, రసీదు రాయాలి. "మీ మీద నమ్మకం లేకనా?" అని అడిగాను. "నా మీద నాకు నమ్మకం ఉండాలని ఫాదర్" అంది. తిరుమల పరకామణిలో కానుకలు లెక్కించే సేవకులు జేబులు లేని బట్టలతో కూర్చోవడం మనకు తెలిసినదే. నియమం మంచివానిని అవమానించదు. శోధన వానిదాకా రాకుండా అడ్డం నిలబడుతుంది.

పునీత పౌలు దీనిని బాగా ఎరిగినవాడు. మాసిడోనియా, అకయా సంఘాలు యెరూషలేము పేదల కోసం పోగుచేసిన ధనాన్ని తానొక్కడే మోసుకొని పోలేదు. కొరింతీయులకు వ్రాసిన రెండవ లేఖ ఎనిమిదవ అధ్యాయం చదవండి. తీతుతోపాటు, సంఘాలే ఎన్నుకొన్న మరొక సహోదరుని పంపుతున్నాడు. ఇంత ఉదారమైన కానుక విషయంలో తమ మీద నింద రాకూడదనీ, ప్రభువు ఎదుటనే కాక మనుష్యుల ఎదుట కూడా సరిగా ఉండాలనీ కారణం చెబుతున్నాడు. క్రీస్తు కోసం చెరసాలలో పడ్డ పౌలుకే ఆ జాగ్రత్త కావలసివస్తే, "నా మనస్సాక్షికి తెలుసు, దేవునికి తెలుసు" అని మనం లెక్క ఎగవేయడం ఎలా? 1983లో వెలువడిన శ్రీసభ చట్టం కూడా ఇదే చెబుతోంది. విశ్వాసులు ఒక పనికని ఇచ్చిన కానుకను ఆ పనికే వాడాలని 1267వ నియమం. వారు ఇచ్చిన సొత్తుకు వారికి లెక్క చెప్పాలని 1287వ నియమం. పండుగ ఖర్చుల లెక్క పూజలో చదవకుండా ఏండ్లు గడిపే గురువులు, నన్ను కూడా కలుపుకొని, ఈ రెండు నియమాలూ ఒకసారి తీసి చూడటం మంచిది.

లెక్క లేనిచోట ఏమవుతుందో దానియేలు గ్రంథం పదునాలుగవ అధ్యాయంలో బేలు కథ చెబుతుంది. విగ్రహం ముందు ప్రతిరోజూ పిండి, నలభై గొర్రెలు, ద్రాక్షసారాయం పెట్టేవారు. తెల్లవారేసరికి అంతా ఖాళీ. దేవుడే తింటున్నాడని రాజు నమ్మాడు. దానియేలు రాత్రి గుడి నేల మీద బూడిద చల్లించి తలుపుకు ముద్ర వేయించాడు. ఉదయం చూస్తే బూడిదలో అడుగులు! బల్ల కింద రహస్య ద్వారం. ఈ కథ నేను చిన్నప్పటి నుండి నవ్వుతూ చదివాను. పెద్దవాడినయ్యాక నన్ను ఆపినది ఒకటే, ఆ అడుగుల్లో పురుషులవి మాత్రమే కాదు, స్త్రీలవి, పిల్లలవి కూడా ఉన్నాయి. దేవుని పేరు చెప్పి తీసుకున్నది ఇంటికి పోతుంది. పిల్లలు కూడా ఆ దారి నేర్చుకుంటారు.

పిల్లలంటే మరొకటి గుర్తుకు వచ్చింది. 1954లో అమెరికా చేసిన పి.ఎల్. 480 చట్టం కింద వచ్చిన గోధుమ నూక, పాలపొడి, నూనె డబ్బాలు ఒకప్పుడు శ్రీసభ సంస్థల ద్వారా కూడా మన దేశంలో పంచేవారు. సంచుల మీద, డబ్బాల మీద వీటిని అమ్మరాదని ఇంగ్లీషులో అచ్చువేసి ఉండేది. నేను చదువుకున్న బడిలో, పేరు ఎందుకులెండి, మేము గ్లాసులు పట్టుకొని వరుసలో నిలబడేవాళ్ళం. పాలు ఒక నెల చిక్కగా ఉండేవి, ఒక నెల కడుగు నీళ్ళలాగా. సంతలో పాలపొడి దొరికే నెలలోనే మా గ్లాసులో నీళ్ళు ఉంటాయని నా పక్కన కూర్చునే పిల్లవాడు కనిపెట్టాడు. వాని లెక్క తప్పని ఇంతవరకూ ఎవరూ నాకు రుజువు చేయలేదు. వాడు ఆ తర్వాత గుడికి రావడం మానుకున్నాడు. ఎన్ని గరిటెల పొడి పోయిందో నాకు తెలియదు, ఒక ఆత్మ పోయిన సంగతి మాత్రం తెలుసు.

మన రాయలసీమలో ఇంకొక చిక్కు ఉంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. సాయం వచ్చిందంటే మొదట తయారయ్యేది జాబితా. ఆ జాబితాలో మన వర్గం, మన వీధి, మన ఓటు. దొంగిలించలేదు, పంచాము అని చెప్పుకోవచ్చు. వేరే వీధిలో ఆకలిగా పడుకున్నవానికి ఈ రెంటికీ తేడా కనిపించదు. 1866 కరువులో తన గాదెలు తెరచి వేలమందికి అన్నం పెట్టిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గారిని మన సీమ ఇప్పటికీ పాటల్లో పాడుకుంటుంది. ఆ అన్నం పాత్రల దగ్గర గరిటె పట్టి నిలబడిన వారెవరో ఏ పాటలోనూ లేదు. వాళ్ళు సరిగా వడ్డించారు కాబట్టే ఆ దాత పేరు నిలిచిందని నేను అనుకుంటాను.

అలాగని ప్రతివానినీ అనుమానించమని నేను చెప్పడం లేదు. అనుమానం అలవాటైన ఊళ్ళో ఎవరూ ట్రాక్టరు కట్టరు, ఎవరూ పెట్టె తెరవరు. రాజులు రెండవ గ్రంథం పన్నెండవ అధ్యాయంలో యోవాసు రాజు దేవాలయం మరమ్మతు కోసం మూతకు రంధ్రం చేసిన పెట్టె పెట్టించాడు. అంతకుముందు గురువులు ఏండ్ల తరబడి డబ్బు పుచ్చుకొని మరమ్మతు చేయలేదు. పెట్టెలోని డబ్బును రాజు లేఖకుడు, ప్రధాన గురువు కలిసి లెక్కించేవారు. ఆ తర్వాత డబ్బు పుచ్చుకొని పని చేయించిన మేస్త్రీలను మాత్రం ఎవరూ లెక్క అడగలేదట, వారు అంత నమ్మకంగా పనిచేశారు గనుక. గురువులకు పెట్టె కావలసివచ్చింది, మేస్త్రీలకు అక్కరలేకపోయింది! పరిశుద్ధ గ్రంథం మమ్మల్ని ఏమీ మొహమాట పడదు.

ఆ కంబళి సంగతి చెప్పలేదు. పిల్లవాడు మరునాడే దానిని అవ్వ దగ్గరకు తీసుకుపోయాడు. ఆమె పుచ్చుకోలేదు. "నాది కాదు గదా నాయనా, నేను ఇచ్చేసినాను" అంది. వాడు ఉంచుకోలేడు, ఆమె తీసుకోదు. చివరకు నా దగ్గరకు తెచ్చాడు. నేను పూజ సామాన్ల అలమారలో పెట్టాను, పెట్టి మరచిపోయాను. ఊళ్ళో చలికి వణికేవారు లేకనా? ఎవరో ఒకరికి ఆ రాత్రే కప్పి ఉండవలసింది. తీసుకోకుండానే దొంగిలించడం ఒకటుందని ఆ అలమార నాకు నేర్పింది. రెండున్నరేండ్లు అది అక్కడే ఉంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఇళ్ళు నీళ్ళలో మునిగినప్పుడు మా వాళ్ళు మళ్ళీ బయలుదేరారు. ఈసారి ముందు అక్కడి విచారణ గురువుగారికి ఫోను చేసి ఏమి కావాలో అడిగారు. బకెట్లు, చీపుర్లు, గిన్నెలు, దుప్పట్లు అన్నారు. గుడి వసారాలో ఒక నోటుపుస్తకం దారం కట్టి వేలాడదీశారు. ఇచ్చినవారి పేరు, వస్తువు, అక్కడ పుచ్చుకున్నవారి సంతకం, చివరన "మిగిలినది" అని ఒక గడి. పుస్తకం దగ్గర కూర్చున్నది ఆ పిల్లవాడే, వాడే అడిగి కూర్చున్నాడు. నేను అలమార తెరచి కంబళి తెచ్చి ఇచ్చాను. వాడు మొదటి వరుసలో అవ్వ పేరు రాసి, "కంబళి ఒకటి, ఎర్రదారం" అని రాశాడు.

అవ్వకు చదువు రాదు. ఏమి రాశావో చదవమంది. చదివాడు. "ఈసారి కూడా మిగిలితే?" అని అడిగింది. మిగిలితే ఈ గడిలో రాసుకొని వెనక్కి తెచ్చి, ఆదివారం పూజలో అందరికీ చెప్పి, ఇక్కడే ఎవరికి ఇవ్వాలో అందరినీ అడుగుతామన్నాడు. ఏ గడి, చూపించమంది. వాడు వేలు పెట్టి చూపించాడు. ఆమె కళ్ళు దగ్గరగా పెట్టి ఆ ఖాళీ గడిని చూసి, సరేలే అని, చీపురు ఒకటి కూడా రాసుకోమని ఇంటికి తేవడానికి పోయింది.